సెకండ్ హ్యాండ్‌లో ఫ్రెంచి చిన్న కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెనో, సిట్రోయెన్, ప్యూజో కంపెనీల చిన్న కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొనడం గురించి కొద్ది నెలలుగా ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మూడు మన రెండు రాష్ట్రాల నుంచి, ఒకటి ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. "ఫ్రెంచి కారు మంచిదేనా?" అన్నది దాదాపు అందరూ అడిగిన ప్రశ్న. అలా అడిగితే కొనేవారికి పనికొచ్చే జవాబు దొరకదు. ఏ ఇంజిను, ఏ సంవత్సరపు బండి, ఇన్నాళ్లూ దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారు, చెడితే బాగుచేయగల మెకానిక్ మీకు ఎంత దూరంలో ఉన్నాడు అన్నవి ముందు తేల్చుకోవాలి. అవి తేలాక కంపెనీ ఏ దేశానిదన్న సంగతికి పెద్దగా పట్టింపు ఉండదు.

ప్రశ్న: మేము ఖమ్మంలో ఉంటాం. నేనూ మావారూ ఉపాధ్యాయులం, ఇద్దరు పిల్లలు. బడికి రోజూ పదిహేను కిలోమీటర్లు వెళ్లి రావాలి. నెలకు రెండుసార్లు హైదరాబాద్‌లో ఉన్న మా అత్తగారి దగ్గరికి వెళతాం. 2018 నాటి రెనో క్విడ్ 1.0 ఏఎంటీ (గేర్లు వాటంతట అవే మారేది), 42,000 కిలోమీటర్లు తిరిగినది, రూ.2.80 లక్షలకు ఇస్తామంటున్నారు. అదే డబ్బుకు మారుతి కారు చూస్తే అంతకంటే నాలుగేళ్లు పాతది వస్తోంది. "ఫ్రెంచి కారు మళ్లీ అమ్ముడుపోదు, పార్టులు దొరకవు" అని మా అన్నయ్య వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్యగారి మాటల్లో మొదటిది నిజం, రెండోది ఒకప్పటి నిజం. క్విడ్‌కు మారుతి కారుకు పలికే ధర పలకదు. అయితే ఆ నష్టంలో ఎక్కువ భాగం కొత్త కారు కొన్న మొదటి యజమాని నెత్తినే పడింది. అందుకే మీకు నాలుగేళ్లు కొత్త బండి అదే డబ్బుకు వస్తోంది. మీరు దాన్ని ఆరేడేళ్లు వాడుకోదలిస్తే ఆ లాభం మీదే. రెండేళ్లకే మార్చేసే ఆలోచన ఉంటే మాత్రం ఈసారి నష్టం మీ వంతు అవుతుంది కాబట్టి కొనవద్దు.

పార్టుల భయానికి ఒక పాత కారణం ఉంది. 1990ల మధ్యలో ముంబై దగ్గరి కళ్యాణ్‌లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌తో కలిసి ప్యూజో 309 కారును తయారుచేశారు. కొన్నేళ్లకే అది ఆగిపోవడంతో, కొన్నవాళ్లు పార్టుల కోసం పడ్డ అవస్థ ఆ తరం వారికి ఇంకా గుర్తుంది. క్విడ్ సంగతి వేరు. అది 2015 సెప్టెంబరులో మొదట మన దేశంలోనే విడుదలైంది. చెన్నై దగ్గరి ఒరగడంలో తయారవుతోంది. అందులోని ఒక లీటరు ఇంజినే అదే కంపెనీ ట్రైబర్‌లోనూ ఉంది. ఆ కర్మాగారంలో నిస్సాన్‌కు ఉన్న వాటాను కూడా 2025లో రెనో కొనేసుకుంది. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు వంటి తరచూ అరిగే వస్తువులకు కొరత లేదు. ఆలస్యమయ్యేది ప్రమాదం తర్వాత కావలసిన డోరు, హెడ్‌లైటు, బంపరు వంటి బాడీ భాగాల దగ్గరే. ఒక పని చేయండి. కారు చూడడానికి వెళ్లకముందే మీ ఊళ్లో రెనో పనులు చేసే షెడ్డుకో సర్వీస్ సెంటరుకో వెళ్లి, ముందు బంపరు, ఎడమ హెడ్‌లైటు, క్లచ్ సెట్టు ఈ మూడింటి ధర ఎంత, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని అడగండి. వాళ్లు చెప్పే జవాబును బట్టి మీ అన్నయ్యగారి మాట మీ ఊళ్లో ఎంతవరకు నిజమో తేలిపోతుంది.

ఇక ఈ బండి విషయం. 42,000 కిలోమీటర్లు ఎక్కువేమీ కాదు, అడిగిన ధర కూడా అన్యాయంగా లేదు. అయినా ఈ కారును నేను మీకు సిఫారసు చేయలేను, ఎందుకంటే 2018 క్విడ్‌లో ఏబీఎస్ లేదు. అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ ఆ ఏడాది జూలై నుంచి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి. మీరు నెలకు రెండుసార్లు పిల్లలతో సూర్యాపేట మీదుగా హైవే ఎక్కుతారు. వాన పడుతుండగా ముందు లారీ హఠాత్తుగా ఆగిందనుకోండి, మీరు బ్రేకు గట్టిగా తొక్కుతారు. ఏబీఎస్ లేని బండిలో చక్రాలు బిగుసుకుపోయి కారు జారుతుంది, స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు. ఏబీఎస్ ఉంటే బ్రేకు తొక్కిపట్టి ఉంచుతూనే పక్కకు తప్పించుకునే వీలుంటుంది. పైగా క్విడ్ తేలికపాటి బండి. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో జరిపిన తొలి ప్రమాద పరీక్షల్లో దానికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. మార్పులు చేసి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిని మళ్లీ పరీక్షిస్తే ఒక నక్షత్రం వచ్చింది. ఊళ్లో బడికి వెళ్లి రావడానికే అయితే నేను ఇంత పట్టుబట్టేవాణ్ని కాను.

అందువల్ల క్విడ్‌లోనే 2020 తర్వాతి బీఎస్6 బండి, ఒక లీటరు ఇంజినుతో, వీలైతే రెండు ఎయిర్‌బ్యాగులున్నది వెతకండి. ధర కొంత పెరుగుతుంది. ఆ పెరిగిన డబ్బుకు దక్కేది భద్రతే కాబట్టి అది వృథా కాదు. 800 సీసీ ఇంజినుది తీసుకోవద్దు. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని హైవే మీద లారీని దాటడానికి 54 హార్స్‌పవర్ చాలదు. ఒక లీటరు ఇంజినుకు 68 ఉంది, అది సరిపోతుంది.

ఏఎంటీ బండినే ఎంచుకుంటే దాన్ని ఎత్తు మీద పరీక్షించండి. ఒక ఫ్లైఓవరు ఎక్కే చోట ఆపి, బ్రేకు మీద నుంచి కాలు తీసి, నెమ్మదిగా యాక్సిలరేటరు నొక్కండి. 2016లో వచ్చిన తొలి ఏఎంటీ క్విడ్లలో, బ్రేకు వదలగానే బండి దానంతట అది మెల్లగా ముందుకు కదిలే సౌకర్యం లేదు. ఆ తర్వాత దాన్ని చేర్చారు. ఆ సౌకర్యం ఉన్న బండి కూడా కదిలేటప్పుడు వణికినా, రెండో గేరుకు మారేటప్పుడు తల ముందుకు ఊగేంత కుదుపు ఇచ్చినా, క్లచ్ అరిగిందనుకుని ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. అలాగే ఛాసిస్ నంబరు తీసుకుని ఏదైనా రెనో సర్వీస్ సెంటరులో పాత సర్వీసుల చిట్టా చూపించమనండి. కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసిన పనులు ఈ బండికి జరిగాయో లేదో, ఏ తేదీన మీటరు ఎంత చూపిందో అందులో ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పిన బండి ఇక్కడే దొరికిపోతుంది: 2022లో 61,000 అని నమోదైన కారు ఇవాళ 42,000 చూపకూడదు కదా.

ప్రశ్న: మాది తెనాలి. విజయవాడలో ఒక ఏజెంటు దగ్గర 2022 సిట్రోయెన్ సీ3, టర్బో లేని 1.2 పెట్రోలుది, మార్కెట్ ధర కంటే దాదాపు లక్ష తక్కువకు ఉంది. వరదలో తడిసిన బండి ఏమోనని మా బావగారు అనుమానిస్తున్నారు. ఏజెంటేమో "ఓనరు అపార్ట్‌మెంట్లో, పై అంతస్తు పార్కింగులో పెట్టాడు" అంటున్నాడు. ఎలా తెలుసుకోవాలి? కారు అసలు మంచిదేనా?

జవాబు: మీ బావగారి అనుమానం సబబే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ నీటిలో మునిగిన బండ్లు తర్వాత ఎక్కడికో అక్కడికి అమ్మకానికి వెళ్లాయి. నంబరు ప్లేటు చూసి ఏ ఊరి బండో చెప్పడం ఇప్పుడు కుదరదు. పూర్వం ఏపీ16 అంటే కృష్ణా జిల్లా బండి అని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ39 మొదలుకొని ఒకే వరుస నడుస్తోంది. కాబట్టి ఆర్‌సీలో యజమాని చిరునామా ఏ పేటలో ఉందో స్వయంగా చదవండి.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఒక కారును ఒకసారి దగ్గరగా చూశాను. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల ఘాటైన సెంటు వాసన. డ్రైవరు బెల్టు, దాని పక్క బెల్టు కొత్తవి వేశారు. వెనక సీటు బెల్టును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని చివరిదాకా లాగితే, మామూలుగా లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూర పొడవునా లేత గోధుమరంగు మట్టి, దాని పై అంచున నీరు నిలిచిన గీత కనిపించాయి. నీరు సీటు ఎత్తు దాటిందని అక్కడే తెలిసిపోయింది. మీరూ ప్రతి బెల్టునూ చివరిదాకా లాగి, ఒక్క నిమిషం అలాగే పట్టుకుని వేళ్లతో తడిమి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో, ముందు సీట్ల కింది పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందేమో, కార్పెట్టు అంచు ఎత్తితే చెమ్మ వాసన వస్తోందేమో చూడండి. రెండు మూడేళ్ల కారులో సీటు బోల్టుకు తుప్పు పట్టడానికి మరో కారణం దొరకదు.

కాగితంలో కూడా ఒక గుర్తు ఉంది. ఏ క్లెయిమూ లేకుండా ఏడాది గడిస్తే బీమాలో నో క్లెయిమ్ బోనస్ మొదట 20 శాతం, తర్వాత 25, 35 శాతంగా పెరుగుతుంది. 2022 జూలైలో కొన్న కారుకు 2023లో 20, 2024లో 25, 2025లో 35 శాతం కనిపించాలి. 2025 పాలసీలో ఆ అంకె సున్నా ఉంటే, అంతకుముందు ఏడాదిలో క్లెయిమ్ పెట్టారనో, పాలసీని మూడు నెలలకు మించి వదిలేశారనో, మధ్యలో బండి చేతులు మారిందనో అర్థం. ఏది నిజమో అమ్మేవారిని కాగితం చూపించి చెప్పమని అడగండి. నోటి మాట సరిపోదు. అన్నట్టు, ఆ బోనస్ బండితో పాటు మీకు రాదు. అది పాత యజమానిదే. కొన్న 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్చమని బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి. ఈ లోపు ఏదైనా జరిగితే మీ బండికి జరిగిన నష్టం మీరే భరించవలసి రావచ్చు.

ఇక సీ3 మంచి చెడ్డలు. ఇంజిను 82 హార్స్‌పవరుది, ఊళ్లో చక్కగా నడుస్తుంది. గతుకుల రోడ్డు మీద ఈ కారు మెత్తగా సాగే తీరు ఈ ధరలో అరుదు, ఆ మేరకు సిట్రోయెన్ తన పేరు నిలబెట్టుకుంది. డిక్కీ 315 లీటర్లు. కాని 2022లో విడుదలైన తొలి బండ్లలో వెనక వైపరు లేదు, ఇంజిను వేగం చూపే మీటరు లేదు, బయటి అద్దాలను లోపల నుంచి స్విచ్చితో తిప్పే సౌకర్యం లేదు. ఇవి తర్వాతి బండ్లలో వచ్చాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చింది 2024లో. ప్రమాద పరీక్షల సంగతి నాకు మరింత బాధ కలిగించింది. బ్రెజిల్‌లో తయారైన సీ3కి 2023లో లాటిన్ ఎన్‌క్యాప్, మన దేశంలో తయారైన ఎలక్ట్రిక్ ఈసీ3కి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్, పెద్దల రక్షణకు సున్నా నక్షత్రాలే ఇచ్చాయి. ఊళ్లో తిరగడానికే అయితే, వరద నీరు తాకలేదని రూఢి అయితే, లక్ష తక్కువ ధర మంచి బేరమే. ఒక్క బెల్టులోనైనా మట్టి కనిపిస్తే రెండు లక్షలు తగ్గించినా వద్దు. నీరు చేరిన వైరింగు తొలి ఏడాది బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్క కనెక్టరే తుప్పు పట్టి, ఏ రోజు ఏది ఆగిపోతుందో ఏ మెకానిక్కూ చెప్పలేని స్థితి వస్తుంది.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. నెలకు మూడు వందల కిలోమీటర్లకు మించి తిరగను. హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి దగ్గర 2013 రెనో పల్స్ డీజిల్ కారు ఉంది, 95,000 కిలోమీటర్లు తిరిగింది. చవగ్గా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఇంజినును చూస్తే తీసుకోవచ్చు, మీ అవసరాన్ని చూస్తే వద్దు. పల్స్ అంటే పేరు, ముందు భాగం మార్చిన నిస్సాన్ మైక్రాయే. అందులోని 1.5 డీజిల్ ఇంజిను డస్టర్‌లోనూ సన్నీలోనూ వచ్చింది కాబట్టి దాన్ని విప్పి బిగించగల మెకానిక్కులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కాని దానికి ఉన్నది టైమింగ్ బెల్టు (ఇంజినులో వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిరిగే పట్టీ), గొలుసు కాదు. 95,000 దాటిన బండికి బెల్టు మార్చిన బిల్లు కనిపించకపోతే అసలు మార్చలేదనే అనుకోవాలి. అది పరుగులో తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిను మొత్తం విప్పవలసి వస్తుంది. పైగా తెలంగాణ బండిని మీ దగ్గరికి తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని, ఇక్కడ మీ పేరుకు రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. 2028కి పదిహేనేళ్లు నిండుతాయి గనుక ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ పొడిగింపు, గ్రీన్ ట్యాక్స్ మళ్లీ వస్తాయి. నెలకు మూడు వందల కిలోమీటర్లకు ఇంత శ్రమ అనవసరం. మీ ఊళ్లోనే రిజిస్టరైన చిన్న పెట్రోలు కారు చూసుకోండి.

ప్రశ్న: నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరాను. ఆఫీసుకు రోజూ వెళ్లి రావడానికి ఇరవై కిలోమీటర్లు. మూడు కార్లు చూశాను: 2014 సిట్రోయెన్ సీ3 (అన్నిటికంటే చవక), 2017 ప్యూజో 208 ప్యూర్‌టెక్ 82, 2017 రెనో క్లియో 0.9 టీసీఈ. ముగ్గురు అమ్మేవాళ్లూ మామూలు మనుషులే, డీలర్లు కాదు. నాకు ఇంజిన్ల గురించి పెద్దగా తెలియదు, ఇక్కడి కాగితాలూ కొత్తే. ఏది తీసుకోమంటారు?

జవాబు: మొదట సీ3 గురించి చెబుతాను, ఎందుకంటే అందులో ప్రాణానికి సంబంధించిన విషయం ఉంది. 2009లో మొదలైన ఆ రెండో తరం సీ3 కార్లలో చాలావాటికి టకాటా సంస్థ చేసిన ఎయిర్‌బ్యాగులు అమర్చారు. వాటిలో ఎయిర్‌బ్యాగును ఉబ్బించే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై క్షీణిస్తుంది. అలాంటి స్థితిలో ప్రమాదం జరిగితే సంచి ఉబ్బడానికి బదులు దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. వేడి ఎక్కువగా ఉండే దక్షిణ ఐరోపాలో 2024లోనే వీటిని నడపవద్దని కంపెనీ ప్రకటించింది. 2025 జూన్‌లో రైమ్స్ దగ్గర జరిగిన ఒక మరణం తర్వాత ఆ ఆదేశం ఫ్రాన్స్ అంతటికీ వర్తించింది. మీరు చూసిన కారు ఎయిర్‌బ్యాగు మార్చినట్టు సిట్రోయెన్ వర్క్‌షాపు ఇచ్చిన కాగితం లేకపోతే, దాన్ని ఇంటిదాకా కూడా నడిపి తీసుకెళ్లవద్దు. కారు గుర్తింపు నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొడితే పరిస్థితి తెలుస్తుంది. బేరం ఎంత చవకైనా ఈ కాగితం చూశాకే మిగతా మాట.

రెండోది 208. ఈ కారు నాకు ఇష్టమే. చిన్న స్టీరింగు, దాని పైనుంచి కనిపించే మీటర్లు అలవాటైతే నడపడం సంతోషంగా ఉంటుంది. ప్యూర్‌టెక్ ఇంజిన్లలో టర్బో రకానికి వరుసగా కొన్నేళ్లు అంతర్జాతీయ బహుమతులు కూడా వచ్చాయి. చిక్కంతా దాని టైమింగ్ బెల్టుతోనే. మామూలు ఇంజిన్లలో బెల్టు పొడిగా బయట ఉంటుంది. ఇందులో అది ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఇంజిను పూర్తిగా వేడెక్కకుండానే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాల్లో కొంత పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. ఆ కల్తీ ఆయిల్ రబ్బరును ఉబ్బించి, పగుళ్లు తెప్పిస్తుంది. రాలిన తునకలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడి ఇంజినుకు ఆయిల్ సరిగా అందదు. బ్రేకులకు సాయం చేసే పంపు మీద కూడా దీని ప్రభావం పడి, బ్రేకు పెడలు రాయిలా గట్టిపడిన సందర్భాలు ఉన్నాయి. మీ రోజువారీ ప్రయాణం ఒక్కో వైపు పది కిలోమీటర్లే కాబట్టి, ఈ ఇంజినుకు పడని వాడకం సరిగ్గా మీదే.

మొదట పదేళ్ల దాకా మన్నుతుందన్న ఆ బెల్టును మార్చవలసిన గడువు తర్వాత ఆరేళ్లకు లేదా 1,00,000 కిలోమీటర్లకు కుదించారు. 2017 కారుకు ఆ గడువు తీరిపోయింది. కాబట్టి బెల్టు మార్చిన బిల్లు ఉంటేనే ఈ కారును పరిశీలించండి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత తీసి, సెల్‌ఫోను టార్చి వేసి లోపలికి చూడండి. బెల్టు వీపు అక్కడి నుంచి కనిపిస్తుంది. అది నున్నగా, ఒకే నలుపుతో ఉండాలి. ఎండిన చెరువు అడుగులా సన్నని పగుళ్లు కనిపించినా, అంచులు పీచులుగా లేచినా అక్కడితో ఆపేయండి. వర్క్‌షాపుల్లో ఇదే రంధ్రంలో పెట్టి బెల్టు వెడల్పు కొలిచే పరికరం ఉంటుంది, అడిగితే కొలిచి చెబుతారు. ఈ లోపాల విషయంలో కంపెనీ పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల వరకు ఖర్చు భరిస్తానని 2024లో ప్రకటించింది గాని, సర్వీసులు గడువు ప్రకారం చేయించిన రుజువులు అడుగుతుంది. ఆ బిల్లులు లేకపోతే ఆ హామీని నమ్ముకోలేరు.

మూడోది క్లియో. మీకు నేను సిఫారసు చేసేది ఇదే. 898 సీసీ మూడు సిలిండర్ల ఆ ఇంజినుకు బెల్టు బదులు గొలుసు ఉంది. 90 హార్స్‌పవరు ఉన్నా తక్కువ వేగంలో లాగుడు కాస్త మందకొడిగా ఉంటుంది, దానికి అలవాటు పడాలి. ఉదయం చల్లటి ఇంజినును మీ ఎదురుగా స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికే ఇంజిను వెచ్చగా ఉంటే, ముందే ఎందుకు నడిపారో అడిగి, మర్నాడు మళ్లీ వస్తానని చెప్పండి. స్టార్టు కాగానే గొలుసు గలగల రెండు క్షణాలకు మించి వినిపించకూడదు. ఇంకొంచెం బలమైన ఇంజిను కావాలని ఇదే తరం క్లియోలో 1.2 టీసీఈ వైపు వెళ్లవద్దు. 2012 నుంచి 2016 మధ్య తయారైన ఆ ఇంజిన్లు ఆయిల్ తాగేస్తున్నాయని ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం గట్టిగా పోరాడింది. డీజిల్ క్లియో మంచిదే అయినా, రోజుకు ఇరవై కిలోమీటర్ల వాడకంలో దాని పొగ వడపోత మూసుకుపోతుంది.

కాగితాల విషయంలో మీరు మనవాళ్ల కంటే అదృష్టవంతులు. అమ్మే వ్యక్తిని ప్రభుత్వం నడిపే హిస్టోవెక్ నివేదిక లింకు పంపమనండి, అది ఉచితం. కారు ఎన్ని చేతులు మారింది, పెద్ద ప్రమాదం జరిగిందా, తనిఖీల్లో ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్లు నమోదయ్యాయి అన్నవన్నీ ఉంటాయి. నాలుగేళ్లు దాటిన కారు కాబట్టి ఆరు నెలలు మించని కంట్రోల్ టెక్నిక్ తనిఖీ పత్రం అమ్మేవారే ఇవ్వాలి. అందులో చిన్న లోపాలు రాసి ఉంటే భయపడనక్కరలేదు, బేరానికి పనికొస్తాయి. మళ్లీ తనిఖీకి రమ్మని రాసి ఉంటే ఆ మరమ్మతు అమ్మేవారే చేయించి ఇవ్వాలని పట్టుబట్టండి. కారు మీద అప్పు, జప్తు వంటివి లేవని చూపే పత్రం పదిహేను రోజులకు మించి పాతది కాకూడదు. దాచిపెట్టిన లోపం బయటపడితే మామూలు వ్యక్తి అమ్మినా అక్కడి సివిల్ కోడ్ కింద ఆయన్ను బాధ్యుణ్ని చేయవచ్చు. అందుకే ప్రకటన కాపీని, మీ మధ్య నడిచిన సందేశాలను భద్రపరచుకోండి.

బీమా ముందే మాట్లాడి పెట్టుకోండి. అది మొదలుకాకుండా కారును వీధిలోకి తీయకూడదు. కొత్త డ్రైవర్లకు ప్రీమియం ఎక్కువ కాబట్టి కారు ఖరారు చేయకముందే మూడింటికీ ధర అడిగి చూసుకుంటే మంచిది. డబ్బు ఇచ్చే రోజు అమ్మేవారు కార్ట్ గ్రీజ్, అంటే అక్కడి ఆర్‌సీ, మీద అడ్డంగా గీత గీసి, అమ్మిన తేదీతో పాటు సమయం కూడా రాసి సంతకం చేయాలి. బదిలీ పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. నెల లోపు కారు మీ పేరుకు మారాలి. ఆ సమయం రాయించడం మాత్రం మరచిపోవద్దు, ఎందుకంటే ఆ మధ్యాహ్నమే ఆ కారు ఏ స్పీడు కెమెరా ముందు నుంచి వెళ్లినా జరిమానా ఎవరు కట్టాలో ఆ ఒక్క అంకెను బట్టే తేలుతుంది.